మూడు రాష్ట్రాల ప్రదక్షిణం

'ఎక్కడికెళ్తున్నాం?' అని అడిగితే 'ఎక్కడికీ లేదురా, బయల్దేరిన చోటికే' అన్నాడు అన్నయ్య.

అమెరికా వెళ్లినవాళ్లను ఎవరైనా నయాగరా తీసుకెళ్తారు, లేదంటే న్యూయార్క్. ఒహాయోలో సిన్సినాటికి ఉత్తరాన ఉండే మా పెద్దమ్మ కొడుకు మాత్రం నన్ను రింగురోడ్డు ఎక్కించాడు! ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పెట్టి వదిన మమ్మల్ని సాగనంపింది. వెనక సీట్లో వాళ్ల పాప. ఏడో తరగతి చదువుతోంది.

రోడ్డు పేరు ఇంటర్‌స్టేట్ 275. అక్కడి మూడంకెల నంబర్లకు ఒక లెక్కుంది. మొదటి అంకె సరిసంఖ్య అయితే అది సాధారణంగా ఊరిని చుట్టివచ్చేది, బేసి అయితే ఊళ్లోకి వెళ్లి ఆగిపోయేది. మిగతా 75 తల్లి రోడ్డు నంబరన్నమాట. వలయం మొత్తం దాదాపు 84 మైళ్లు, అంటే 135 కిలోమీటర్లు. మన హైదరాబాద్ ఔటర్ 158 కిలోమీటర్లు కదా, ఇదేం గొప్ప అనిపించొచ్చు. కానీ సిన్సినాటి జనాభా 3 లక్షల పైచిలుకే. మన కర్నూలు కంటే చిన్న ఊరు. చుట్టుపక్కల శివార్లన్నీ కలిపితేనే 20 లక్షలు దాటుతుంది. అలాంటి ఊరి చుట్టూ తిరిగే ఈ రోడ్డు ఒహాయో, ఇండియానా, కెంటకీ... మూడు రాష్ట్రాల్లోంచి వెళ్తుంది. పూర్తయింది 1979లో. టోలు లేదు.

75వ నంబరు రోడ్డును దాటి పడమటికి సాగాం. 'ఇది ఊరి మధ్యలోంచి పోతుంది. దీని కోసం, పక్కన ఫ్యాక్టరీల కోసం అప్పట్లో పేటకు పేటే ఎత్తేశారు' అన్నాడు అన్నయ్య. నిజమే. వెస్ట్ ఎండ్‌లో 25 వేలమందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. దాదాపు అందరూ నల్లజాతివాళ్లే.

కాసేపటికి ఇళ్లు పలచబడ్డాయి. గుట్టలు, చెట్లు, మధ్యలో గ్రేట్ మయామీ నది. ఎప్పుడు దాటామో తెలీలేదు, ఇండియానాలో ఉన్నాం. ఇక్కడ రింగు మూడు మైళ్లే. పక్కనే లారెన్స్‌బర్గ్. ఒహాయోలో క్యాసినోలకు అనుమతి లేని రోజుల్లో సిన్సినాటి జూదరులంతా రాష్ట్రం దాటి ఈ ఊరికే వచ్చేవాళ్లట. 2013లో సిన్సినాటిలోనే క్యాసినో తెరిచారు. సరిహద్దు అంటే ఇంతేనా అనుకున్నాను. గీతకు అటు నేరం, ఇటు వ్యాపారం!

అంతలో వంతెన వచ్చింది. కింద ఒహాయో నది, వెడల్పుగా, మట్టిరంగులో. అవతల కెంటకీ.

'బాబాయ్, నది మొత్తం కెంటకీదే తెలుసా?' అంది పాప. నేను నమ్మలేదు. తర్వాత చూస్తే ఆమె చెప్పిందే నిజం. సరిహద్దు నది మధ్యలో లేదు, ఉత్తరపు ఒడ్డు దగ్గరుంది. 1792లో నీరు తగ్గినప్పుడు అంచు ఎక్కడుందో అదే గీత అని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. సరదా సంగతిలా ఉంది కదూ. కానీ 1865 దాకా కెంటకీలో బానిసత్వం చట్టబద్ధం, ఒహాయోలో నిషిద్ధం. పారిపోయి వచ్చిన మనిషి నదిలో దిగినా, సగం దాటినా, ఇంకా యజమాని గడ్డమీదే ఉన్నట్టు. అవతలి ఒడ్డున కాలు పెట్టాలి.

పెట్టినా దక్కేది కాదు. ఎక్కడ దొరికినా పట్టి అప్పగించాలని 1850లో చట్టం వచ్చింది.

కెంటకీలో ముందు తగిలేది విమానాశ్రయం. సిన్సినాటి టికెట్టు కొంటే దిగేది కెంటకీలో! అది దాటాక మళ్లీ 75వ నంబరు రోడ్డు ఎదురవుతుంది. అక్కడికి పది మైళ్ల దక్షిణాన రిచ్‌వుడ్ ఉంది. 1856 జనవరి చివర్లో, నది గడ్డకట్టిన రాత్రి, అక్కడి పొలంలో బానిసగా ఉన్న మార్గరెట్ గార్నర్ భర్త, పిల్లలు, అత్తమామలతో మంచు మీద నడిచి సిన్సినాటి చేరింది. బంధువుల ఇంట్లో తలదాచుకున్నారు. తెల్లారేసరికి ఇంటిని చుట్టుముట్టారు. మళ్లీ బానిసత్వంలోకి పంపడం కంటే మేలనుకుని రెండేళ్ల కూతుర్ని తన చేతులతోనే చంపుకుంది. కోర్టు ఆమెను కెంటకీకే తిప్పి పంపింది. టోనీ మారిసన్ 'బిలవెడ్' నవలకు ప్రేరణ ఈమే.

నేనిదంతా పాప ముందు చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే, 'స్కూల్లో చెప్పారు' అంది తనే. నది ఒడ్డున 2004లో తెరిచిన ఫ్రీడమ్ సెంటర్‌కు తీసుకెళ్లారట. అక్కడ దుంగలతో కట్టిన గది ఉంది. అమ్మకానికి తీసుకెళ్లే బానిసల్ని బంధించిన గది అది. కెంటకీలో ఒక పొగాకు కొట్టం లోపల దొరికితే విప్పి తెచ్చి నిలబెట్టారు. 'లోపల నిలబడితే మాట్లాడాలనిపించలేదు' అంది.

అన్నయ్య రేడియో తగ్గించాడు.

తూర్పున రెండో వంతెన. 65 మైళ్ల వేగంతో మళ్లీ ఒహాయోలోకి వచ్చేశాం. నిమిషం కూడా పట్టలేదు. పక్క లారీవాడు ఏదో తింటూ నడుపుతున్నాడు. 2020 నవంబరులో ఊరి మధ్యనున్న బ్రెంట్ స్పెన్స్ వంతెన మీద లారీలు గుద్దుకుని మంటలు లేస్తే ఆరువారాలు మూసేశారు. లారీలన్నీ ఈ రింగు మీదికే మళ్లాయి. 'రోజూ ఆఫీసుకు గంట ఆలస్యం' అని అన్నయ్య ఇప్పటికీ ఆ నెలన్నర గురించే చెబుతాడు.

వంతెన దిగగానే వచ్చే ఎగ్జిట్ కెల్లాగ్ అవెన్యూ. అక్కడ ఆపమన్నాను. నది పక్కనే కోనీ ఐలాండ్ వినోదాల పార్కు ఉండేది. అందులో పేరుమోసిన ఈతకొలను. 1952లో పిల్లలందరూ రండి అని ప్రకటన వస్తే మారియన్ స్పెన్సర్ అనే తల్లి ఫోన్ చేసి, 'మేం నల్లవాళ్లం, మా పిల్లలూ రావచ్చా?' అని అడిగింది. రావద్దన్నారు. ఆమె తాత ఒకప్పటి బానిస. కోర్టుకెక్కింది. 1955లో గేట్లు తెరుచుకున్నాయి, ఈతకొలనులోకి మాత్రం 1961 దాకా రానివ్వలేదు. 1983లో ఆమె సిన్సినాటి నగర కౌన్సిల్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ అయింది.

పార్కును 2023 చివర మూసేశారు. కచేరీల వేదిక కోసం స్థలం అమ్మేశారు. కారులోనే కూర్చుని పులిహోర తిన్నాం.

'ఇది ఫ్రీ సైడే కదా బాబాయ్?' అంది పాప.

'అవునమ్మా' అన్నాను.

'మరి?'

అన్నయ్య డబ్బా మూతపెట్టి కారు మళ్లీ రింగు ఎక్కించాడు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మీటరు చూస్తే 84 మైళ్లు దాటింది. మధ్యలో దిగాం కదా మరి.