పాతబస్తీ సొమ్ము... లండన్‌లో 71 ఏళ్ల పేచీ!

నయాపుల్ దాటి పాతబస్తీలోకి అడుగుపెడితే కుడిచేతివైపు మూసీ ఒడ్డున కనిపించే గుమ్మటాల భవనమే హైకోర్టు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1920లో ప్రారంభమైంది. చుట్టూ నల్లకోట్లు, చంకల్లో ఫైళ్లు, చేతుల్లో చాయ్ గ్లాసులు. ఇంత పెద్ద కోర్టు కట్టించిన నిజామే తన సొమ్ము కోసం లండన్‌లో దావా వేయాల్సి వచ్చిందంటే ఆశ్చర్యమే కదూ!

ఆ కథ కోసం మదీనా, పత్తర్‌గట్టీ, చార్మినార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కు నడవాలి. షాండ్లియర్లు వేలాడే అక్కడి దర్బారు హాల్లో అసఫ్‌జాహీల వైభవం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ ఏలుబడి 1948 సెప్టెంబరులో ముగిసింది. భారత సైన్యం ముందు హైదరాబాద్ లొంగిపోయిన కొద్దిరోజులకే, 20వ తేదీన, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్థాన్ హైకమిషనర్ రహీమ్‌తులా ఖాతాలోకి వెళ్లిపోయాయి. పంపింది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. తన అనుమతి లేకుండా జరిగింది కాబట్టి వెనక్కివ్వమని నిజాం వారానికే కోరారు. ఖాతాదారు ఒప్పుకోనిదే ఇవ్వలేమంది బ్యాంకు.

నిజాం 1954లో దావా వేశారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒక దేశాన్ని దాని ఇష్టం లేకుండా మరో దేశపు కోర్టు బోనులో నిలబెట్టకూడదన్నది అంతర్జాతీయ న్యాయం. ఆ రక్షణ పాకిస్థాన్‌కు ఉందని 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. సొమ్ము ఎవరిదో తేలకుండానే కేసు ఆగింది. 1967లో నిజాం కన్నుమూశారు. బ్యాంకులో వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది.

2013లో పాకిస్థాన్ ఆ డబ్బు కోసం తానే కోర్టుకెక్కింది. దాంతో రక్షణ కవచం పోయింది. తర్వాత వెనక్కి తగ్గుతానన్నా కోర్టు ఒప్పుకోలేదు. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పారు. దాదాపు 3.5 కోట్ల పౌండ్లకు చేరిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ, నిజాం మనవళ్లు ముకరంజా, ముఫఖంజాలకూ దక్కింది.

మీ ఇంట్లో లా చదివే పిల్లలుంటే ఈ కథ చెప్పండి. ఇలాంటి కేసుల్లో వాదనాపటిమ ఒక్కటే చాలదు. దశాబ్దాల నాటి ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు తిరగేసే ఓపిక కావాలి. పరాయి దేశాల చట్టాలూ తెలియాలి.

వ్యాపార తగాదాల్లో ఇంత జాప్యం ఉండకూడదనే ఆర్బిట్రేషన్ పద్ధతి వచ్చింది. గొడవొస్తే ఎక్కడ, ఏ చట్టం ప్రకారం తేల్చుకోవాలో ఒప్పందంలోనే రాసుకుంటారు. తీర్పరులు లాయర్లే కానక్కర్లేదు, ఇంజినీర్లూ ఉండొచ్చు. 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక పుణ్యమా అని వారిచ్చే తీర్పు 170కి పైగా దేశాల్లో అమలుకు నోచుకుంటుంది. హైదరాబాద్‌లోనూ 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడా ఖర్చు తప్పదు, కానీ తరాలు మారేదాకా ఆగక్కర్లేదు.

తిరిగొచ్చేటప్పుడు మక్కా మసీదు దగ్గర ఓ క్షణం ఆగండి. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించిన ముకరంజాను తెచ్చి ఇక్కడే ఖననం చేశారు. తాత మొదలుపెట్టిన వ్యాజ్యంలో తీర్పు మనవడు విన్నాడు. అప్పటికి ఆయన వయసు 85 దాటింది.