ధర్మపురి నీళ్లు ఎక్కడికి పోతాయి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. క్రమశిక్షణ గురించి, చదువు విలువ గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం మొన్న సంక్రాంతి సెలవుల్లో కోనసీమకు పోయి వచ్చిన సంగతి రాస్తాను.

మా ఇంట్లో ప్రయాణం అంటే రెండే రకాలు. ఒకటి మొక్కు: కొండగట్టు, వేములవాడ, ధర్మపురి. రెండోది బతుకుదెరువు. సిరిసిల్లలో సాంచాలు ఆగినప్పుడల్లా మా నాన్న భీవండి రైలెక్కాడు. కోరుట్లలో బీడీలు చేసే మా చిన్నమ్మ ఇంట్లో ఇద్దరు దుబాయిలో ఉన్నారు. ఊరికే ఒక చోటు చూసి రావడానికి మాలో ఎవరూ టికెట్ కొన్నది లేదు. అందుకే నేను పోతానంటే అమ్మకు అర్థం కాలేదు.

"పరీక్షనా బిడ్డా?"

"కాదమ్మా."

"మరి నౌకరీకా?"

"కాదు. చూసొస్త."

"చూసెతందుకు గంత దూరం పైసలు వెట్టుకొని పోతరా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కారణం మాత్రం ఉంది. 2015 పుష్కరాలకు మనల్ని ధర్మపురి తీసుకుపోయారు. నేనప్పుడు ఇక్కడ ఎనిమిదో తరగతి. ఈ నీళ్లు ఎటు పోతాయని ఒకడు అడిగితే "సముద్రంలకు" అని సార్ ఒక్క ముక్కలో చెప్పారు. త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు పారుతుందని పుస్తకంలో మనం కంఠతా పట్టిందే. కానీ ఆ సముద్రం దగ్గర ఏముంటుందో చూసినవాళ్లు మా బ్యాచ్‌లో ఎవరూ లేరు.

ఎం.ఏ. చరిత్ర చదువుతూ వరంగల్‌లో ఉంటున్నాను కనుక అక్కడే రైలెక్కి నరసాపురంలో దిగాను. అక్కడ వశిష్ఠ పాయను పంటు మీద దాటాలి. మనుషులు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ దాని మీదే. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అక్కడి నుంచి ఆటోలో అంతర్వేది.

నది మన దగ్గర నరసింహస్వామిని దాటి పోతుంది, సముద్రంలో కలిసే చోటా నరసింహస్వామే ఉన్నాడు. ఇప్పుడున్న గుడిని 1823లో పూర్తి చేయించినది అగ్నికుల క్షత్రియుడైన కోపనాతి కృష్ణమ్మ. సముద్రం మీద బతికే జనంలోంచి వచ్చినవాడు అంత గుడి కట్టించాడంటే నాకు ముచ్చటేసింది. 2020 సెప్టెంబరులో ఇక్కడి రథం కాలిపోయిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడే కొత్త రథం చేయించారు.

గుడి తర్వాత అందరూ అన్నాచెల్లెళ్ల గట్టుకు పోతారు. నది, సముద్రం కలిసే చోటు అది. నేను నది వైపు దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పు! వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూసి నవ్వాడు. "వరద రోజుల్లో రావాలండి. అప్పుడు సముద్రం కూడా ఎర్రగా ఉంటుందండి" అన్నాడు. (నన్ను జీవితంలో ఎవరూ ఇన్నిసార్లు 'అండి' అనలేదు. వాళ్లకది మామూలు మాటే అని రెండో రోజుకు తెలిసింది.)

ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజం. జనవరిలో మన నీళ్లు శ్రీరాంసాగర్‌లో ఆగి, కాకతీయ కాలువలో పడి మన యాసంగి పొలాలకు పోతాయి. కింద ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిస్తేనే అది మళ్లీ పెద్ద నది అవుతుంది. వాటినీ ధవళేశ్వరం దగ్గర కాటన్ 1852 నాటికి కట్టించిన ఆనకట్ట కాలువలకు మళ్లించింది. ఇప్పుడక్కడ ఉన్నది తర్వాత కట్టిన బ్యారేజి. వానాకాలం పోయాక అంతర్వేది దాకా వచ్చే మంచినీళ్లు తక్కువ, ఆటుపోట్లకు సముద్రమే నదిలోకి ఎక్కి వస్తుంది. ధర్మపురి నీళ్లు చూద్దామని పోయినవాడికి సముద్రం ఎదురొచ్చిందన్నమాట!

దిండిలో పడవ ఇళ్లున్నాయి. ఒక్క రాత్రి అద్దె విని ఒడ్డు మీదే టీ తాగాను.

నేను ఎక్కువసేపు నిలబడింది వేరే రెండు చోట్ల. మొదటిది జిల్లా పేరు రాసిన ఒక ప్రభుత్వ బోర్డు ముందు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అయినా అదే ఏడాది పేరు ఖాయమైంది. మన హాస్టల్ హాల్లో రోజూ ఆ ఫొటో కిందే కంచాలు పెట్టుకుని తిన్నాం. ఒక పేరు బోర్డు మీదికి ఎక్కడానికి ఇంత అవుతుందని అక్కడ నిలబడ్డాక తెలిసింది. పర్యాటక పుస్తకాల్లో ఈ బోర్డు ఉండదు. నా లెక్కలో చూడదగ్గ వాటిలో మొదటిది అదే.

రెండోది ఆదుర్రు. వైనతేయ పాయ ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య పాత బౌద్ధ స్తూపం, గుండ్రంగా ఇటుకల కట్టడం. నేనున్నంతసేపు మరొక మనిషి రాలేదు. ఆ ఇటుకలు చూస్తుంటే మన కోటిలింగాల గుర్తుకొచ్చింది. అదీ గోదావరి ఒడ్డే, మన జగిత్యాల జిల్లానే. శాతవాహనుల మొదటి రాజులలోని సిముకుడి నాణేలు దొరికిన నేల. ఎల్లంపల్లి నీళ్లు దాని దగ్గరికి వచ్చేశాయి. నేను హాస్టల్‌లో ఉన్నన్నేళ్లూ విహారయాత్ర అంటే గోల్కొండ, జూ పార్కు. గంటన్నరలో పోయే కోటిలింగాలకు ఒక్కసారీ పోలేదు.

ఇంటికొచ్చి ఫోన్లో ఫొటోలన్నీ చూపించాను. అమ్మ సముద్రం ఫొటో దగ్గర చాలాసేపు ఆగింది. నాన్న మాత్రం, "మరి అక్కడోళ్లు మన దిక్కు సూడ వస్తరారా?" అని అడిగాడు.

వచ్చే నెల రెండో ఆదివారం కోటిలింగాల పోదామనుకుంటున్నాను. రావాలనుకునే తమ్ముళ్లు వార్డెన్ గారి దగ్గర పేర్లు ఇవ్వండి. ఆయనతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ధర్మపురి మీదుగానే బస్సు. సద్ది కట్టుకుని రండి, అక్కడ హోటళ్లు ఉండవు.