పెట్టె మీద ఇంటిపేరు

నేను అద్దెకు దిగింది బెర్లిన్‌లోని నాయ్‌కోల్న్‌లో. టెర్మిన్, అంటే అపాయింట్మెంటు, దొరికింది మాత్రం ఊరికి ఆ చివరనున్న స్పాండౌలో. ఏ పేటవాడైనా పౌరసేవల ఆఫీసుకి, అంటే ఏ పేట బ్యూర్గర్‌ఆమ్ట్‌కైనా వెళ్లొచ్చు కాబట్టి, ఫోన్‌లో ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడికి పరిగెత్తడమే. పదిన్నరకి రమ్మన్నారు. మనవైపు పెళ్లి ముహూర్తమైనా కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, టెర్మిన్ అలా కాదు.

యూ7 మెట్రో ఎక్కాను. పసుప్పచ్చ రైలు. రూడో నుంచి స్పాండౌ దాకా 40 స్టేషన్లు, 31.8 కిలోమీటర్లు. ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు. అందులో పాస్‌పోర్టు, దాంట్లో అతికించిన డి వీసా, నింపిన ఫారం, ఇల్లుగలాయన సంతకం పెట్టిచ్చిన కాగితం. ఫలానావాడు మా ఇంట్లో దిగాడని ఆయన ఒప్పుకోవడమే ఆ కాగితం. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్! నోరు తిరిగేసరికి సగం స్టేషన్లు దాటిపోయాయి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు, అంటే అన్‌మెల్డుంగ్ చేయించుకోవాలి. అది లేనిదే పన్ను నంబరు రాదు, నంబరు లేకపోతే జీతంలో కోత ఎక్కువ. వీసా గడువు తీరేలోగా తెచ్చుకోవాల్సిన రెసిడెన్స్ కార్డుకీ ఆ నమోదు కాగితం కావాల్సిందే.

పాల్‌స్టెర్న్‌స్ట్రాసే స్టేషన్లో మాత్రం ఫైలు సంగతి మర్చిపోయాను. గోడలనిండా రంగుపలకల పూలు. దిగి చూద్దామనిపించింది. టెర్మిన్ గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

స్పాండౌ బెర్లిన్‌లో కలిసింది 1920లో. ఇక్కడివాళ్లు ఇప్పటికీ నగరం నడిబొడ్డుకి వెళ్తుంటే "బెర్లిన్ వెళ్తున్నాం" అంటారట.

ఆఫీసులో తెర మీద నా నంబరు పడింది. బల్ల అవతలి ఆవిడ పాస్‌పోర్టు తిప్పి, "హేర్ ఫెలగపూడి?" అంది. ఎవరినోలే అనుకున్నాను. మా ఊళ్లో నన్ను ఇంటిపేరు పెట్టి పిలిచినవాళ్లెవరూ లేరు, అదీ 'వ'ని 'ఫ' చేసి! తర్వాత మతం గడి. చర్చి సభ్యులైతే ఆదాయప్పన్ను మీద ఇంకో 9 శాతం చర్చి పన్ను పడుతుంది ఇక్కడ. రామాలయం చందా కూడా ఎగ్గొట్టిన చరిత్ర నాది. గడి ఖాళీగా వదిలేశాను. పది నిమిషాల్లో కాగితం చేతికొచ్చింది. రుసుమేమీ లేదు.

పన్ను నంబరు పోస్టులో వస్తుందన్నారు. నెల గడిచినా రాలేదు. ఒకరోజు మెట్ల దగ్గర పక్కింటి పెద్దావిడ అడిగింది, "పెట్టె మీద మీ పేరుందా?" అని. లేదు, ఇల్లుగలాయన పేరే ఉంది. మా బిల్డింగులో ఫ్లాట్లకి నంబర్లుండవు. పోస్టాయన పెట్టె మీది పేరు చూసి వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కే. మా ఊళ్లో "రైసుమిల్లు వెనక వేపచెట్టు ఇల్లు" అంటే చాలు. ఇక్కడ ఇంటిపేరంటే నిజంగా ఇంటికి అతికించుకోవాల్సిన పేరు.

కాగితం ముక్క కత్తిరించి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, టేపు వేశాను. పది అక్షరాలు పట్టక చివరి 'ఐ' రేకు అంచు మీదికి వంగింది. నంబరు మళ్లీ పంపమని అర్జీ పెట్టుకున్నాను.

వారం తిరక్కుండా పెట్టెలో కవరు. రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"ఆ ఉత్తరమేదో వచ్చిందా నాన్నా?"

"వేరేది వచ్చిందమ్మా. రేడియోకీ టీవీకీ నెలకి 18.36 యూరోలు కట్టాలట."

"నీకు టీవీ ఎక్కడుందిరా?"