మా వీధికి ఫోను వచ్చిన విధము

అడిగిన వెంటనే టెలిఫోను లభించే స్థితిని 1997 నాటికి సాధించాలని 1994 నాటి జాతీయ టెలికాం విధానం సంకల్పించింది. అప్పుడు మేము క్వార్టర్లలో ఉండేవాళ్లము. వరుసలో ఏ ఒక్క ఇంట ఫోను ఉన్నా ఆ నంబరే అందరి నంబరు. అర్ధరాత్రి అది మోగితే ఎవరి ఊరి నుంచి ఏ కబురోనని వీధి వీధంతా మేలుకునేది.

ఉద్యోగ విరమణ తరువాత ఊరి చివర కట్టుకున్న ఇంటికి మారాము. ఇంట్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా, ఇంకా ఇదెందుకని బంధువులు అడిగారు. మా అమ్మగారికి ఎనభై దాటాయి. అద్దం వంటి తెరపై ఆమె వేలు నిలవదు. గోడ పక్కన ఒకే చోట ఉండి గణగణ మోగే ఫోను అయితే లేచి వెళ్లి అందుకోగలరు. మేము బజారుకు వెళ్లినప్పుడు ఆమెకు అదే ఆసరా.

విచారించగా మా ప్రాంతంలో సౌకర్యం ఉన్నదని కార్యాలయంలో చెప్పారు. స్తంభం మీది పెట్టె తెరిచి చూసిన లైన్‌మన్ లేదన్నాడు. ఇద్దరి మాటా నిజమే! ఎక్స్ఛేంజి నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి స్తంభం మీది పెట్టెకు, అక్కడి నుంచి ఇంటికి రాగి తీగల జత ఒకటి రావాలి. ఊరిలో ఎక్స్ఛేంజి ఉన్నంత మాత్రాన మన పెట్టెలో ఖాళీ జత ఉన్నట్లు కాదు. ఏ మజిలీలో జత లేకపోయినా దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది. పిన్‌కోడు ఈ సంగతి చెప్పలేదు. పక్కింటి వారి ఫోను నంబరు ఇస్తే ఏ పెట్టె నుంచి లైను వస్తున్నదో వారికి వెంటనే తెలుస్తుందని లైన్‌మనే చెప్పాడు. పక్కింటివారికి ఉన్నది ఫైబరు లైను. మాకూ చివరకు అదే వచ్చింది.

అయితే ఒక భేదమున్నది. రాగి తీగ ఫోనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే, సుమారు 48 వోల్టులు, అందేది; ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. గాజు తీగ విద్యుత్తును మోయదు. ఇంట్లో అమర్చే ఫైబరు పెట్టెకు మన కరెంటే కావాలి. ముసలివారి కోసం ఫోను పెట్టించేవారు ఆ పెట్టెకు బ్యాటరీ ఆధారం కూడా చూసుకోవడం మంచిది. మేము దానిని ఇన్వర్టరుకు కలిపించాము.

2021 జనవరి 15 నుంచి ఇంటి ఫోను నుంచి ఏ సెల్‌ఫోనుకు చేసినా ముందు సున్నా నొక్కాలి. పిల్లలు అది మరచి విసుక్కుంటున్నారు. ఎస్‌టీడీ కాలం నాటి అమ్మగారికి మాత్రం ఎవరూ చెప్పనక్కరలేదు. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో నంబర్లు వ్రాయించుకుని, ప్రతిదానికీ ముందు సున్నా తానే చుట్టుకున్నారు.