లేచిందా, పుట్టిందా?

డాబా మీద కుండీల్లో మట్టి తడి చూడ్డానికి మా మేనల్లుడు ఇఎస్‌పీ32 బోర్డు ఒకటి పెట్టాడు. అరగంటకోసారి లేవాలి, తడి కొలవాలి, మళ్లీ పడుకోవాలి.

పొద్దుట్నుంచీ ఫోన్‌కి ఒకటే మెసేజ్: "నమస్కారం, నేను ఇప్పుడే ఆన్ అయ్యాను!"

"మావయ్యా, కరెంటు పోయి వస్తోందా?"

బ్యాటరీ మీద నడిచేదానికి కరెంటు ఎక్కడ పోతుందిరా!

ఈ చిప్‌కి డీప్ స్లీప్ నుంచి లేవడమంటే దాదాపు రీసెట్టే. ఆగిన చోటు నుంచి కాదు, ప్రోగ్రాం మొదటి లైను నుంచి నడుస్తుంది. మామూలు ర్యామ్‌లో ఉన్నదంతా గల్లంతు. ఆర్‌టీసీ స్లో మెమరీ అని ఓ 8 కిలోబైట్లు ఉంటుంది, అందులో దాచుకున్నది మాత్రం మిగులుతుంది. (ఆర్డునో ఊనోలోని ఏవీఆర్ చిప్ అలా కాదు, ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. పాత కాపు!)

అంటే లోపలున్న ప్రోగ్రాంకి ప్రతి నిద్రా ఓ కొత్త జన్మే. పుట్టానో లేచానో దానంతట దానికి తెలీదు.

నాకు తమాషాగా అనిపించింది ఏంటంటే, హార్డ్‌వేర్‌కి మాత్రం తెలుసు. రీసెట్ కారణం అడిగితే చెప్తుంది: పవరాన్, డీప్ స్లీప్, వోల్టేజి పడిపోయి బ్రౌనౌట్... టైమర్ లేపిందా, పిన్ లేపిందా అన్నది కూడా. అడగందే చెప్పదు, అంతే.

వాడు ఇప్పుడు పవరాన్ అయితేనే నమస్కారం పెట్టిస్తున్నాడు.

మరి బ్రౌనౌట్ సంగతి? దాన్ని పుట్టుక కింద రాస్తారా, లేవడం కిందా? మా ఇంట్లో ఇంకా తేలలేదు, మీరేమంటారు?