టిరెట్టా బజారులో ఓనమాలు

కలకత్తా వెళ్లిన మనవారు కాళీఘట్టం, దక్షిణేశ్వరం దర్శించి, హౌరా వంతెన చూచి తిరిగి వస్తూ వుంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఒక ఆదివారం తెల్లవారేసరికి టిరెట్టా బజారుకు కూడా పోయి రండి. లాల్‌బజారు పోలీసు కచేరీకి దగ్గరలో, పొద్దార్ కోర్టు వెనుక వున్నది. ఆఫీసు పనిమీద బరంపురం నుంచి వెళ్లినప్పుడు నేను చూచాను. పొద్దెక్కేలోపలే అక్కడి సంత ముగిసిపోతుంది. మన కుడుములవంటివి ఆవిరిమీద ఉడికించి, పొగలు పోకుండానే అమ్ముతారు. ప్రక్కనే సీ ఇప్ గుడి. ఊరివారు దానిని చర్చి అంటారు గాని, లోపల కొలువున్నది క్వాన్ యిన్ అనే చైనా దేవత.

వారన్ హేస్టింగ్స్ కాలంలో టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు బజ్‌బజ్ దగ్గర పంచదార మిల్లు పెట్టాడు. ఆయన పేరుతోనే ఆ చోటు అచీపూరు అయినది. ఆ వెనుక వచ్చినవారిలో హక్కావారు తోళ్ల పని, కాంటనువారు వడ్రంగం చేపట్టి ఈ నగరంలోనే స్థిరపడ్డారు. 1962 యుద్ధ సమయంలో వీరిలో అనేకులను రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. ఆ తరువాత చాలామంది దేశం విడిచిపోయారు. చైనా బడులు తగ్గిపోయినవి. 1969లో మొదలైన వారి దినపత్రిక 2020లో ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలకు వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు. ఇక సొంతభాషకు మిగిలినది ఇల్లే.

ఆ ఇల్లు బడి ఎట్లా అవుతుందో బజారులోనే కొంచెం చూచాను. ఒక అవ్వ మనవడికి పళ్లెం అందించి, కుడుములు లెక్కపెట్టమన్నది. "ఇత్, ఙీ, సామ్" అని మూడు లెక్కపెట్టి వాడు నాలుగోది నోట వేసుకున్నాడు! హక్కా భాషలో ఒకటి, రెండు, మూడు అన్నమాట. పాఠమని వాడికి తెలియనే తెలియదు.

చైనా లిపి చూస్తే మనకు భయం వేస్తుంది. వార్తాపత్రిక చదవాలంటే రెండు మూడు వేల అక్షరాలు రావాలి మరి. కాని మొదలు మాత్రం ఆటే. అడ్డంగా ఒక గీత ఒకటి, రెండు గీతలు రెండు, మూడు గీతలు మూడు. చదరం గీస్తే నోరు. చెట్టు గుర్తు ప్రక్కన ఇంకొక చెట్టు పెడితే తోపు, మూడు పెడితే అడవి. సూర్యుణ్ణి, చంద్రుణ్ణి ప్రక్కప్రక్కన నిలిపితే వెలుగు. అగ్గిపుల్లలు చాలు, పిల్లలు వీటిలో చాలావరకు పేర్చగలరు.

చైనాదేశపు పార్కుల్లో పెద్దలు పొడుగాటి కుంచె నీటిలో ముంచి నేలమీద అక్షరాలు వ్రాస్తారు. కాసేపటికి ఎండకు ఆరిపోతవి. ఇంటి వాకిట్లో పిల్లవాడికి కుంచె ఇస్తే కాగితం ఖర్చు లేదు, తప్పు వ్రాసినా తిట్టు లేదు.

కొత్త సంవత్సరానికి భాగ్యం అనే అక్షరాన్ని ఎర్రకాగితంమీద వ్రాసి, తలుపుకు తలక్రిందులుగా అంటిస్తారు. తలక్రిందులు అనే మాట, వచ్చింది అనే మాట వారికి ఒకే విధంగా పలుకుతవి. "తిరగేశారేమమ్మా?" అని బిడ్డ అడగగానే, భాగ్యం ఇంటికి వచ్చిందని తల్లి చెప్పవచ్చును. ఒక్క ప్రశ్నతో రెండు మాటలు వచ్చినట్లే.

మన సంగతి కూడా ఆలోచించండి. మా చిన్నమ్మాయి తెలుగు గలగల మాట్లాడుతుంది. ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది. మా నాన్నగారి పాత ఉత్తరం చేతికిస్తే మాత్రం, "నీవే చదువు నాన్నా" అంటుంది. నేను లేనినాడు ఆ ఉత్తరాలు ఎవరు చదువుతారు? మన అక్షరాలు వేలకొద్దీ లేవు, యాభైఆరే. మనకు కుంచె కూడా అక్కరలేదు, ముగ్గుపిండి వున్నది. రోజూ ముగ్గు ప్రక్కన ఒక అక్షరం పెట్టించి, దానితో మొదలయ్యే వంటకం పేరు చెప్పమనండి. "ఇ" వ్రాసిననాడు ఇడ్డెన్లు వండితే, ఆ అక్షరాన్ని ఏ బిడ్డా మరువదు.