ఆ ఎండ మన ఊరిది కాదు

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఓ చిన్న ఆఫీసు. ఇంకా పునాది కూడా పడని అపార్టుమెంట్లకు హాళ్లూ, వంటగదులూ అక్కడ తయారవుతుంటాయి... కంప్యూటర్లో! పాతికేళ్ల కుర్రాడొకడు మూడేళ్లుగా అదే పని చేస్తున్నాడు.

బొమ్మలో సోఫా వేయడం, కర్టెన్లు కట్టడం ఏమంత కష్టం కాదు. వాటిమీద వెలుతురు పడేలా చేయడమే అసలు తంటా. చేరిన కొత్తలో అతను తయారుచేసిన హాలు చూసి పక్కసీటాయన నవ్వేశాడు, 'సోఫా గాల్లో తేలుతోందయ్యా' అని. నిజమే, కాళ్ల కింద నీడ లేదు. నీడ పెడితే సిరా ఒలికినట్టు నల్లగా వచ్చింది. దాన్ని తగ్గించడానికి మూలమూలనా దొంగ లైట్లు దాచాడు. గది వెలిగింది కానీ, ఒక్క కుర్చీకి నాలుగు దిక్కులా నాలుగు నీడలు!

అసలు కిటికీలోంచి వచ్చిన వెలుతురు నేలను తాకి అక్కడితో ఊరుకోదు. నేల నుంచి గోడకీ, గోడ నుంచి కప్పుకీ ఎగురుతుంది. ఎండపడ్డ ఎర్ర తివాచీ పక్కనున్న తెల్లగోడను ఎప్పుడైనా గమనించండి, అడుగున కాస్త ఎర్రటి ఛాయ కనిపిస్తుంది. ఈ ఎగురుళ్ల లెక్క తేల్చడానికే 1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రంగు గోడలున్న ఓ పెట్టెను కంప్యూటర్లో సృష్టించారు. ఈ విద్య నేర్చేవాళ్లకు ఇప్పటికీ అదే పలకా బలపం. ఆ కిటుకు వంటబట్టాక కుర్రాడు దొంగ లైట్లన్నీ పీకేశాడు. ఒక్క సూర్యుణ్నీ, కాస్త ఆకాశాన్నీ ఉంచి, వెలుతురు ఇంకా ఎక్కువసార్లు ఎగిరేలా లెక్క పెంచాడు. ఒక్క బొమ్మకే రాత్రంతా పట్టింది. పొద్దున్నే వచ్చి చూస్తే... అచ్చం ఫొటోనే!

అలా తయారైన హాలొకటి బ్రోచర్‌కెక్కింది. ఆ బ్రోచర్ తిరిగి తిరిగి వాళ్లక్క చేతికే వచ్చింది. ఆమె, బావగారు అప్పుడే ఫ్లాటు కోసం వెతుకుతున్నారు మరి. బొమ్మలో దక్షిణం వైపు తలుపులోంచి ఎండ సోఫా దాటి లోపలికి పడుతోంది. ఆమె సరిగ్గా అక్కడ వేలు పెట్టి, 'చలికాలం అమ్మ మంచం ఇక్కడ వేద్దాంరా. మోకాళ్లకి ఎండ తగుల్తుంది' అంది.

ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. ఏదో అనుమానం. మర్నాడు ఫైలు తెరిచాడు. తేదీ డిసెంబరు 21, మిట్టమధ్యాహ్నం. ఊరు... శాన్‌ఫ్రాన్సిస్కో! సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకున్న ఊరిని అతను మార్చనేలేదు. అక్కడ ఆ వేళకి సూర్యుడు 29 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. 7 అడుగుల తలుపులోంచి ఎండ 12 అడుగులు దాటి లోపలికొచ్చేస్తుంది. అదే హైదరాబాద్‌లో అయితే 49 డిగ్రీలు. ఎండ 6 అడుగులకే సరి.

ఊరు మార్చి బొమ్మ మళ్లీ తీశాడు. 'చీకటైపోయిందేంటి?' అన్నాడు యజమాని. కుర్రాడు సూర్యుడి జోలికి వెళ్లలేదు. ముదురురంగు ఫ్లోరింగ్ తీసేసి లేతరంగు టైల్స్ వేస్తే ఎలా ఉంటుందో చూపించాడు. నేలమీది వెలుతురు కప్పుదాకా ఎగిరి గది తేటపడింది. ఎండ మాత్రం ఆరడుగుల దగ్గరే ఆగింది. టైల్స్ సంగతి బిల్డర్‌తో మాట్లాడతానన్నాడు యజమాని.

కొత్త బొమ్మ అక్క ముందు పెట్టి, తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

'మరి మే నెలలోరా?' అంది చివరికి.

తేదీ మార్చి చూపించాడు. నడినెత్తిన సూర్యుడు. ఎండ గడప దాటనేలేదు.

'హమ్మయ్య! చలికాలం అమ్మ మంచం తలుపు దగ్గరకి జరుపుకుందాంలే' అంది.